పాలు చాల్లేదంటున్న తల్లి



శ్రీశైలం ప్రాజెక్టు దగ్గరి సున్నిపెంట చుట్టుపక్కల నేను ఆరోగ్య శాఖలో పనిచేసిన రోజుల్లో ఆశా కార్యకర్తల వెంట బాలింతల ఇళ్ళకు తిరిగేదాన్ని. ఆశా సంచిలో ఒక స్ప్రింగు త్రాసు ఉంటుంది. దాని కొక్కేనికి గుడ్డ ఉయ్యాల తగిలించి, బిడ్డను అందులో పడుకోబెట్టి పైకెత్తితే ముల్లు ఆగిన చోట బరువు తెలుస్తుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసి ఉంటాయి. ముల్లు ఆకుపచ్చలో ఆగితే ఇంటిల్లిపాదికీ సంతోషం.

ఒకరోజు ప్రాజెక్టు కాలనీలో ఒక క్వార్టరుకు వెళ్ళాం. ఆళ్ళగడ్డ వైపు పిల్ల, రెండో కాన్పు, ఆ రోజుకు ఇరవై ఎనిమిదో రోజు. ఆమె ఎవరో తెలిసిపోయే వివరాలేవీ చెప్పను. గుమ్మంలోకి వెళ్తూనే అడిగాను, "ఎట్లుండావమ్మా?" అని.

"పాలు చాల్లేదక్కా."

అత్తగారు వంటింట్లోంచే అందుకుంది. "చూడమ్మా, పొద్దస్తమానం ఇదే పాట."

బిడ్డను తూకం వేశాం. పుట్టినప్పుడు 2 కిలోల 600 గ్రాములు. ఇప్పుడు 3 కిలోల 400. నేను ముల్లు చూపించి నవ్వాను. "పాలు లేకుంటే ఇంత బరువు ఎట్ల పెరుగుతాడే పిచ్చిదానా?" ఆ పిల్ల "అవునక్కా" అని కొంగు మొహం మీదికి లాక్కుంది. మేం కాగితాలు నింపుకుని తర్వాతి ఇంటికి వెళ్ళిపోయాం.

ఆ రోజు నేను తప్పు చేశాను. పాలు సరిపోతున్నాయని త్రాసు తేల్చింది. మరి పాలు చాల్లేదని ఆమె ఎందుకు అంటోంది? బిడ్డ 800 గ్రాములు పెరిగాడంటే తేడా పాలలో లేదు, తల్లిలో ఉంది. త్రాసు ముల్లు ఆ సంగతి నాతో చెప్పింది. దాన్ని నేను ఆ పిల్ల నోరు మూయించడానికి వాడుకున్నాను.

మూడు వారాల తర్వాత వాళ్ళ ఆడబిడ్డ ఆసుపత్రికి వచ్చి చెప్పింది. వదిన కొళాయి దగ్గర బిందె పెట్టి కూర్చుంటే, బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా లేవడం లేదట.

బాలింత కుంగుబాటు గురించి ఈరోజు నాలుగు మాటలు చెప్పమన్నారు. డాక్టర్లు చెప్పేది డాక్టర్లు చెబుతారు. నేను మా బోటివాళ్ళ సంగతి చెబుతాను. ఆశాలు, ఏఎన్ఎంలు, సూపర్‌వైజర్లు, కాన్పు వార్డులో సిస్టర్లు. ఈ జబ్బు మా కళ్ళ ముందే ఉంటుంది. మేమెందుకు చూడం?

ముందు మా ఫారం సంగతి. 2011 నుంచి ఇంటి దగ్గర పసిబిడ్డ సంరక్షణ అనే కార్యక్రమం నడుస్తోంది. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా ఆరుసార్లు ఇంటికి వెళ్ళాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. చేతిలో ఫారం ఉంటుంది. తల్లి రోజుకు ఎన్నిసార్లు కడుపునిండా తింటోంది, ఎన్ని గుడ్డలు మారుస్తోంది, జ్వరం ఉందా, మైల దుర్వాసన వస్తోందా, పాలు రావడం లేదంటోందా. మంచి ప్రశ్నలే, ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. వాటి మధ్యలో ఇంకొకటి ఉంది. తల్లి మాటలు తేడాగా ఉన్నాయా, ఫిట్స్ వస్తున్నాయా అని.

ఆ గడిని నేను ఎన్నిసార్లు చూసి ఉంటానో. తేడాగా మాట్లాడే తల్లి అందులో దొరుకుతుంది. అసలు మాట్లాడని తల్లి ఏ గడిలోనూ దొరకదు. అరిచే మనిషికి కాలమ్ ఉంది, కొళాయి దగ్గర కూర్చుండిపోయిన మనిషికి లేదు. అందుకే ఆమె ఫారంలో ఉన్న గడిలోకే వస్తుంది. పాలు చాల్లేదంటుంది. నడుము నొప్పి అంటుంది. తల తిరుగుతోందంటుంది. బిడ్డ ఊరికే ఏడుస్తున్నాడంటుంది. మనసు బాగలేదని చెప్పిన బాలింతలు నా సర్వీసు మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు.

కాన్పయ్యాక తల్లి మనసులో వచ్చే మార్పులన్నీ ఒకటే కాదు. మూడో రోజునో నాలుగో రోజునో ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకే కళ్ళల్లో నీళ్ళు తిరగడం సగానికి పైగా తల్లుల్లో ఉంటుంది. కాన్పుతోనే ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, నిద్ర ఉండదు. రెండు వారాల్లోపు అదే సర్దుకుంటుంది. దానికి పక్కన మనిషి చాలు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, దేని మీదా ధ్యాస లేకపోతే, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోతే, తానెందుకూ పనికిరానిదాన్నని అనిపిస్తుంటే అది కుంగుబాటు. ఇది ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. ఈ రెండూ కాక మూడోది ఒకటుంది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో. ఎవరో పిలుస్తున్నట్టు వినిపించడం, బిడ్డ తన బిడ్డ కాదనడం, రోజుల తరబడి నిద్ర లేకుండా తిరగడం. ఊళ్ళల్లో గాలి సోకిందంటారు. అది గంటల మీద ఆసుపత్రికి చేర్చాల్సిన జబ్బు.

ఇవన్నీ పట్నం జబ్బులు, మన ఆడవాళ్ళకు ఇలాంటివి ఉండవు అని మాలో చాలామంది నమ్మకం. నేనూ నమ్మాను. తర్వాత ఒక శిక్షణలో జాన్ కాక్స్ అనే డాక్టరు సంగతి విన్నాను. బాలింతలను పది ప్రశ్నలతో పరీక్షించే ఎడిన్‌బరో స్కేలు ఆయనా ఆయన తోటివాళ్ళూ 1987లో తయారుచేసిందే. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. ఆయన అంతకుముందు పనిచేసింది ఆఫ్రికాలోని ఉగాండాలో. అక్కడి పల్లె బాలింతల్లో కుంగుబాటును చూశాడు. బాలింతకు మతి చలించే జబ్బుకు ఆ పల్లెల్లో అప్పటికే 'అమాకిరో' అని పేరుంది. పల్లె ఆడవాళ్ళు పేరు పెట్టి పిలుస్తున్న జబ్బది. పట్నం జబ్బెలా అవుతుంది?

మన దేశం లెక్క కావాలంటే, 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లులను కలిపి చూసిన వ్యాసం ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. నూటికి 22 మంది. దక్షిణాదిలో 26. ఇది కాగితం మీద పెద్ద అంకెలా ఉంటుంది గానీ, ఆశా కార్యకర్త దగ్గరికి తెస్తే చిన్నదవుతుంది. వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా, ఏడాదికి ఉజ్జాయింపుగా పదిహేను కాన్పులు. అంటే ఏడాదికి ముగ్గురో నలుగురో తల్లులు. మూడు ఇళ్ళు. ఆ మూడు ఇళ్ళు ఏవో తెలిస్తే చాలు.

ఇక సున్నిపెంట సంగతి. నల్లమలలో పెంట అంటే చెంచుల గూడెం. ఆ పేరు పెట్టుకున్న ఊరు 1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాక నలుమూలల నుంచి వచ్చిన జనంతో కాలనీ అయిపోయింది. ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చినవాళ్ళు, గుడి మీదా యాత్రికుల మీదా బతికేవాళ్ళు. ఆడపిల్లకు పుట్టిల్లు దూరం. చుట్టూ అడవి. మనసు విప్పి చెప్పుకోవడానికి గోడ అవతల అక్కా చెల్లీ ఉండరు. ఇలాంటి చోట బాలింత ఒంటరితనం మామూలు పల్లెలో కంటే ఎక్కువని నా అనుభవం.

మన ఆచారంలో ఒక సందు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తొలి కాన్పు పుట్టింట్లో చేస్తారు. ఆళ్ళగడ్డలో పుట్టిన పిల్ల ఆళ్ళగడ్డలోనే కంటుంది. అక్కడి ఆశా ఆరుసార్లు వచ్చి చూస్తుంది. తల్లి దగ్గర ఉంటుంది, నూనె పెట్టి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసే ముసలామె ఉంటుంది. నలభై రెండో రోజుతో ఆశా పని ఐపోతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో ఒడిబియ్యం పోసి అత్తారింటికి సాగనంపుతారు. అక్కడ వంట, నీళ్ళు, పెద్దాళ్ళ సేవ, రాత్రిళ్ళు బిడ్డ ఏడుపు, అన్నీ ఒక్కసారిగా ఆమె మీద పడతాయి. మనిషి కుంగిపోయేది అప్పుడు. సున్నిపెంట ఆశాకు ఆమె కొత్త మనిషి, కడుపుతో ఉన్నప్పుడు చూడలేదు, పురిట్లో చూడలేదు. 2018 నుంచి మూడో నెల, ఆరో నెల అలా పదిహేనో నెల దాకా మళ్ళీ ఐదుసార్లు ఇంటికెళ్ళే పథకం వచ్చింది. కానీ అది బిడ్డ ఎదుగుదల కోసం. తల్లి వెంట కార్డు వస్తుంది. అందులో బిడ్డ టీకాలుంటాయి, బరువు గీత ఉంటుంది. పుట్టింట్లో ఆమె నెల రోజులు ఏడ్చిందన్న మాట ఎక్కడా ఉండదు.

ఈ నీళ్ళు పోసే ముసలామె గురించి ఒక మాట. మేం చదువుకున్నవాళ్ళం ఆచారాలన్నిటినీ ఒకే గాటన కట్టి విసుక్కుంటాం. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు తగ్గించడం, కూరలు మాన్పించడం తప్పే. కానీ రోజూ గంటసేపు ఒంటికి నూనె రాస్తూ, ఎవరూ లేనప్పుడు బాలింతతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. కొందరు ముసలివాళ్ళు నాకు వచ్చి చెప్పేవాళ్ళు, "ఆ పాప ఒంట్లో బాగుండాది గానీ మనిషి లేదమ్మా" అని. ఇంతకంటే సూటిగా ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

మరి మేమెందుకు అడగం? టైము లేదని పైకి చెబుతాం. అదీ నిజమే. రిజిస్టర్లు, యాప్‌లు, మీటింగులు. కానీ అసలు కారణం భయం. అడిగితే ఆమె చెబుతుంది. చెబితే ఏం చేయాలి? చచ్చిపోవాలని ఉందంటే ఆమెను ఎక్కడికి పంపాలి? జ్వరమొస్తే మాత్ర ఉంది, రక్తం తక్కువైతే ఇంజెక్షన్ ఉంది. దీనికి చేతిలో ఏమీ లేదనుకుంటాం. ఏమీ లేని చోట అడగకుండా ఉండటమే నయమనిపిస్తుంది. అందుకే ఏడుపు కనిపించగానే దాన్ని ఆపే మాటలు అంటాం. బంగారంలాంటి బిడ్డను పెట్టుకుని ఏడుస్తావేం. మేమంతా కనలేదా. ఆడపిల్లయితే ఏం, ఇంటికి లక్ష్మి. ఇవన్నీ మంచి మనసుతో అనే మాటలే. వినే మనిషికి మాత్రం నోరు మూసుకోమన్నట్టే వినిపిస్తాయి.

ఆడపిల్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. గోవా తల్లుల మీద చేసి 2002లో అచ్చైన ఒక అధ్యయనంలో, మగబిడ్డ కావాలనుకున్న ఇంట్లో ఆడపిల్ల పుట్టడం, పేదరికం, భర్త చేతిలో దెబ్బలు తల్లి కుంగుబాటుకు పెద్ద కారణాలుగా తేలాయి. మందు రాసి తగ్గించే కారణాలు కావు ఇవి. కాబట్టి ఈ జబ్బును ఆసుపత్రి గదిలోనే తేల్చేస్తామంటే నేను ఒప్పుకోను.

ఎలా అడగాలో నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నిలబడి అడగకూడదు, చాప మీద కూర్చోవాలి. అత్తగారిని, "అమ్మా, కాస్త నీళ్ళు వెచ్చబెట్టి ఇస్తారా, బిడ్డను తుడవాలి" అని లోపలికి పంపాలి. నీళ్ళు కాగే లోపు పది నిమిషాలు దొరుకుతాయి. ఎడిన్‌బరో ప్రశ్నలు చదివి వినిపిస్తే, అత్త పక్కనుంటే అన్నిటికీ 'లేదు' అనే జవాబే వస్తుంది. అత్త లేకపోతే జవాబులు మారతాయి. "దిగులుగా ఉందా" అని నేను మొదట అడగను. "బిడ్డ పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా?" అని అడుగుతాను. అలసిపోయిన తల్లికి అవకాశమొస్తే కళ్ళు మూతలు పడతాయి. కుంగిన తల్లి బిడ్డ నిద్రపోతున్నా కప్పు వైపు చూస్తూ పడుకుంటుంది. తర్వాత, "కాన్పుకు ముందు నీకు ఇష్టమైనవి ఇప్పుడూ ఇష్టంగా ఉన్నాయా?" చివరకు, "బతకడం ఎందుకనిపించిందా ఎప్పుడైనా?" చావు మాట ఎత్తితే ఆలోచన పెట్టినట్టవుతుందని మావాళ్ళు భయపడతారు. పెట్టినట్టు కాదు. ఎడిన్‌బరో స్కేలులో పదో ప్రశ్న, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నదే. అడిగినప్పుడు చాలామంది మొహంలో బరువు దిగినట్టు కనిపిస్తుంది.

చేతిలో ఏమీ లేదన్నాను కదా. అది కూడా నా తప్పే. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో మన ఆశాల్లాంటి మహిళా ఆరోగ్య కార్యకర్తలున్నారు. అతీఫ్ రెహమాన్ అనే మానసిక వైద్యుడు వాళ్ళకు శిక్షణ ఇచ్చాడు. వాళ్ళు మందులివ్వలేదు. కడుపుతో ఉన్నప్పటి నుంచీ ఇంటికెళ్ళి, ఆమె ఆలోచన ఎక్కడ ముడిపడుతోందో మాటల్లో విప్పుతూ, రోజుకు ఒక చిన్న పని పెట్టుకునేలా చేస్తూ, ఇంట్లోవాళ్ళను కూడా అందులోకి లాగారు. బిడ్డకు ఆరు నెలలొచ్చేసరికి, ఆ మాటలు దొరికిన తల్లుల్లో నూటికి 23 మందిలో కుంగుబాటు మిగిలింది. మామూలుగా ఇంటికెళ్ళిన చోట 53 మందిలో మిగిలింది. ఇది 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పుస్తకంగా వేసింది. మన దగ్గర, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో ముప్పై గిరిజన గ్రామాల్లో ఆశాలకు ట్యాబ్లెట్లు ఇచ్చి మానసిక సమస్యలు గుర్తించడం నేర్పారు. బాలింతలకే కాదు, పెద్దలందరికీ. అంతకుముందు సమస్య ఉన్నవాళ్ళలో వైద్యం అందుకున్నది నూటికి ఒకరు కూడా కాదు, 0.8 శాతం. తర్వాత 12.6 శాతం. ఇంకా ఎంతో మిగిలింది, ఒప్పుకుంటాను. కానీ ఆ పని చేసింది మన ఆశాలే.

మాటలతో తగ్గనివాళ్ళకు డాక్టరు కావాలి. రక్తహీనత, థైరాయిడ్ చూడాలి, ఆ రెండూ కుంగుబాటు వేషం వేస్తాయి. మందులు మొదలెడితే పాలివ్వడం ఆపేయాలని చాలామంది అనుకుంటారు. సెర్ట్రలిన్ లాంటి మందులు పాలలోకి వెళ్ళేది చాలా తక్కువ, పాలిస్తూనే వాడవచ్చు. పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నాలుగు రోజులు వేసి గుణం లేదని మానేయకూడదు. మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009లో తల్లీబిడ్డలను కలిపి ఉంచి చికిత్స చేసే వార్డు పెట్టారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా, మానసిక ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా విడదీయకూడదని చెబుతోంది. బిడ్డను లాగేసుకుంటారని భయపడి దాచే ఇళ్ళకు ఈ మాట చెప్పాలి.

ఇక ఆసుపత్రికి చేరే దారి. సున్నిపెంట నుంచి నంద్యాల నూట యాభై కిలోమీటర్లకు పైనే. దోర్నాల ఘాటు దిగి, ఆత్మకూరు మీదుగా వెళ్ళాలి. పులుల అడవి కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మామూలు బండ్లను వదలరు, అంబులెన్సును వదులుతారు. మతి చలించిన బాలింతకు తెల్లారే దాకా ఆగొద్దు, 108కి చేయండి. నంద్యాలలో 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. కాలేజీ ఆసుపత్రి అన్నాక మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. ఒకప్పుడు ఇలాంటి కేసును కర్నూలు పంపేవాళ్ళం, చాలామంది మధ్యలోనే వెనక్కి వచ్చేవాళ్ళు.

పైఅధికారులను నేనడిగేది ఒక్కటే. ఇంకో యాప్ వద్దు. నలభై రెండో రోజు ఫారంలో, మూడో నెల ఫారంలో ఒక్కో గడి పెట్టండి, తల్లి మనసు ఎలా ఉందని. పుట్టింటి ఆశా దాన్ని నింపి కార్డు మీద ఒక ముక్క రాస్తే, అత్తారింటి ఆశాకు అది చేరుతుంది. ఆ గడి వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈ మాట వింటున్న ఆశా చెల్లెళ్ళు కార్డు వెనక పెన్సిల్‌తో రాయండి.

కొళాయి దగ్గర కూర్చున్న ఆ పిల్లను ఆడబిడ్డే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు చాలా నెలలు వాడింది. రాత్రి ఒక పూట బిడ్డను ఆడబిడ్డ తన దగ్గర పడుకోబెట్టుకునేది, ఆ నాలుగు గంటల నిద్రే సగం వైద్యమని డాక్టరు అన్నారు. ఏడాది తర్వాత నాకు సంతలో ఎదురైంది. చంకలో పిల్లవాడు. "అక్కా, ఆ రోజు నా బిడ్డను తూచినావు గానీ నన్ను తూచలేదు" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మీ ఇంట్లో, మీ పక్కింట్లో బాలింత ఉంటే రేపు పొద్దున ఓ పది నిమిషాలు బిడ్డను మీరు ఎత్తుకుని, ఆమెను అడగండి. దగ్గర ఎవరూ లేకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి కూడా ఎత్తుతారు. నిదానంగా చెబుతాను, రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మళ్ళీ ఒకసారి: 14416.